ఖాళీగా తిరిగివ్వని పెట్టె

అనగనగా ఒక రాజు. మంచివాడే పాపం. ఆ మంచితనమే ఆయన కొంప ముంచింది. ఊఁ కొడుతూ వినండి, లేకపోతే మధ్యలో ఆపేస్తాను, తర్వాత నన్ను అనొద్దు.

ఆ రాజ్యం పేరు పొన్నగిరి. రాజు రత్నశేఖరుడు, రాణి కనకాంగి. వాళ్లకి ముగ్గురు కొడుకులు. పెద్దవాడు జయంతుడు, నడిపివాడు వసంతుడు, చిన్నవాడు సుమంతుడు. ఆ ముగ్గురి తర్వాత ఎన్నో నోములు నోస్తే పుట్టిన ఆడపిల్ల మంజరి. ఏడేళ్లది. దాని కాలు ఒక్కచోట నిలిచేది కాదు.

పొన్నగిరిలో పెట్టెలకి కొదవలేదు. రాణిగారికి దంతపు నగల పెట్టె, రాజుగారికి వెండి తాంబూలపు పెట్టె, పూజారికి దేవుణ్ణి పడుకోబెట్టే మందసం, బొమ్మలాటవాళ్లకి తోలుబొమ్మల పెట్టె, పెళ్లికూతుళ్లకి లక్క భరిణ. ఏమీ లేని ఇంట్లో కూడా పోపుల పెట్టె ఉండేది. ఇంకో ఆచారం కూడా ఉండేది వాళ్లకి. మన ఇళ్లల్లోనూ ఉన్నదేలెండి. ఎవరి గిన్నె గానీ, పెట్టె గానీ ఖాళీగా తిరిగివ్వకూడదు. ఏమీ లేకపోతే చిటికెడు పంచదారైనా వేసివ్వాలి. ఖాళీగా ఇచ్చారంటే ఆ ఇంటికి తలవంపులు.

ఒకసారి వానలు మొదలయ్యేముందు ఒక బాటసారి వచ్చాడు. బక్కపలచని మనిషి. నెత్తిన చందనపు పెట్టె. దాని మూత మీద తలుపు తీసి ఉన్న ఇంటి బొమ్మ చెక్కి ఉంది.

"మహారాజా, వానలు వెళ్లేదాకా ఈ ఖాళీ పెట్టె తమ ఇంట్లో ఉంచండి. మళ్లీ వచ్చి పట్టుకెళతాను" అన్నాడు.

దానికేం భాగ్యం అన్నాడు రాజు. పెట్టెని మండువాలో ఒక మూల పెట్టించాడు.

వానలు వెళ్లాయి. ఆ రోజు పిల్లలు దాగుడుమూతలు ఆడుతున్నారు. సుమంతుడు దొంగ. వాడికి పద్నాలుగేళ్లు. మంజరి రోజూ అందరికంటే ముందు దొరికిపోయి ఏడ్చేది. సుమంతుడు కళ్లు తెరిచి చూసేసరికి చందనపు పెట్టె మూతలోంచి పచ్చ పరికిణీ అంచు బయటికి కనిపించింది. వాడికి నవ్వొచ్చింది. పోనీ, ఈ ఒక్కరోజూ గెలవనిద్దాం అనుకున్నాడు. "మంజరీ, ఎక్కడున్నావే, మంజరీ!" అని దీర్ఘం తీస్తూ, చూడనట్టు గుర్రాలశాల వైపు వెళ్లిపోయాడు.

సరిగ్గా అప్పుడే ఆ బాటసారి వచ్చి తన పెట్టె అడిగాడు. ఖాళీ పెట్టె ఎలా ఇస్తాం అని రాజు భటుల్ని కేకేశాడు, కొంచెం బియ్యమో బెల్లమో తెమ్మని.

బాటసారి పెట్టెని కొంచెం ఎత్తి చూసి, "వద్దు మహారాజా. ఇందులో ఏదో ఉన్నట్టే ఉంది, బరువు తెలుస్తోంది. ఉన్నదేదో నాకు ఇచ్చానని ఒక్క మాట అనండి, అదే చాలు" అన్నాడు.

పిల్లల బొమ్మలేవో ఉంటాయనుకున్నాడు రాజు. "ఉన్నదేదో నీదేనయ్యా, తీసుకో" అన్నాడు నవ్వుతూ.

పెట్టెలో ఉన్న పిల్ల ఒక్క మాట మాట్లాడితే బాగుండును కదా? మాట్లాడలేదు. అడుగుల చప్పుడు విని అన్నయ్యే వచ్చాడనుకుని, దొరక్కూడదని ఊపిరి బిగబట్టుకుంది. అలాగే వెళ్లిపోయింది నా తల్లి.

సుమంతుడు తిరిగొచ్చేసరికి మండువా మూల ఖాళీగా ఉంది.

ఆ ఇంట్లో ఇక ఏడుపు తప్ప ఏమీ మిగల్లేదు. బాటసారి ఎవరో కాదు, ఏడు సముద్రాల అవతల ఉండే పెట్టెల మాంత్రికుడని తెలిసింది. పెద్దవాడు జయంతుడు కత్తి పట్టుకుని వెళ్లాడు. రాలేదు. నడిపివాడు వసంతుడు విల్లు పట్టుకుని వెళ్లాడు. అతనూ రాలేదు. రాజు మంచం పట్టాడు. "నా నోటితో నేనే ఇచ్చానర్రా" అని గోడకేసి తిరిగి పడుకునేవాడు. పచ్చ అంచు సంగతి సుమంతుడు ఎవరికీ చెప్పలేదు. ఏ మొహం పెట్టుకుని చెబుతాడు?

వాడు బయల్దేరే రోజున రాణి తన పోపుల పెట్టె తెచ్చి చేతికిచ్చింది. అరలన్నీ నింపి ఇచ్చింది. "నా దగ్గర ఇంకేం లేదు నాయనా. ఇది నా పుట్టింటి పెట్టె, తిరిగి తీసుకురా. ఖాళీగా మాత్రం తేకు" అంది. వాడు తలొంచుకుని బయల్దేరాడు.

అడవిలో నక్క ఒకటి కాలికి ముల్లు గుచ్చుకుని మూలుగుతోంది. సుమంతుడు ముల్లు తీసి, పసుపు అరంతా ఖాళీ చేసి కట్టు కట్టాడు. నక్క సముద్రానికి దారి చూపించింది.

సముద్రం ఒడ్డున పిచ్చుక ఒకటి ఆకలితో సొమ్మసిల్లి ఉంది. గుప్పెడు ఆవాలు వేశాడు. పిచ్చుక తిని, రెక్కలు దులుపుకుని ఇలా చెప్పింది.

"నాయనా, ఆ మాంత్రికుడు దొంగ కాదు. ఇచ్చిందే పుచ్చుకుంటాడు, మనం అన్న మాటే వాడి మంత్రం. మీ పెద్దన్న 'కావాలంటే నా తల తీసుకో, చెల్లెల్ని వదులు' అన్నాడు. వాడు తీసుకున్నాడు. నడిపన్న 'నా ప్రాణమిస్తాను' అన్నాడు. అదీ తీసుకున్నాడు. నువ్వు ఏదీ ఇస్తానని అనకు, అరువిస్తాననాలి. ఆచారం వాడికీ ఉంది, అది తప్పితే వాడి మంత్రం తప్పుతుంది. ఇంకో సంగతి. తిరిగిచ్చేటప్పుడు వాడు పెట్టేది వాడి సొంతమై ఉండాలి. పరాయిది పుచ్చుకున్నావో, గుమ్మం దాటగానే మాయమై మళ్లీ వాడి పెట్టెలోకే పోతుంది."

ఇంతలో అలల మీద ఒక తిమింగలం పొర్లాడుతూ కనిపించింది. పడవని మింగిందట, కడుపునొప్పి! సుమంతుడు వామంతా దాని నోట్లో పోశాడు. అది ఒక్క త్రేనుపు త్రేన్చేసరికి పడవ బయటపడింది. "బతికించావు బాబూ, ఎక్కు నా వీపు మీద. కానీ ఒక మాట. మీ అన్నలిద్దరూ వచ్చి పడ్డాక ఇంకెవరూ రాకూడదని మాంత్రికుడు ఈ సముద్రాలని సాగదీసి పెట్టాడు. ఏళ్లు పడుతుంది" అంది.

ఏళ్లే పట్టింది. ఒక్కో సముద్రానికి నాలుగేసి ఏళ్లు. ఏం తిన్నాడని అడక్కండి, ఏదో తిన్నాడు. ఇన్నేళ్లకి ఆ పోపు దినుసులు పాడవ్వవా అని కూడా అడక్కండి, తల్లి చేత్తో ఎండబెట్టినవి. మొదటి సముద్రంలో మీసాలు వచ్చాయి. అయిదో సముద్రంలో చెంపలు నెరిశాయి. ఏడోది దాటేసరికి గడ్డం సగం తెల్లబడింది.

మాంత్రికుడి ఇంట్లో ఎటు చూసినా పెట్టెలే. నేల నుంచి కప్పుదాకా పేర్చి ఉన్నాయి. ఒక భరిణలో ఎవరో పెళ్లికూతురి కుంకుమ, ఒక వీణ పెట్టెలో ఎవరో ముసలాయన పాట, తోలుబొమ్మల పెట్టెలో ఆట ఆడించేవాడి గొంతు, ఒక చిన్న ఊయల పెట్టెలో పసిబిడ్డ నిద్ర. అన్నిటికీ మూతలు బిగించి ఉన్నాయి. ఇంటి మధ్యలో పొయ్యి దగ్గర కూర్చుని మాంత్రికుడు ఉప్పు లేని గంజి తాగుతున్నాడు. ముసలివాడైపోయాడు.

"ఏమిస్తావు?" అన్నాడు తలెత్తకుండా.

"ఏమీ ఇవ్వను. మా అమ్మ పోపుల పెట్టె అరువిస్తాను. వాడుకుని తిరిగివ్వు" అన్నాడు సుమంతుడు.

మాంత్రికుడు మూత తీశాడు. మిగిలిన ఆవాలు, జీలకర్ర, ఎండుమిరపకాయలు. వాడు ఆ వాసన గట్టిగా పీల్చాడు. దీపంలోంచి నువ్వులనూనె వంపుకుని, మూకుడు పెట్టి, ఆబగా అన్నీ అందులో వేసేశాడు. ఆవాలు చిటపటమన్నాయి. ఆ పోపు గంజిలో పోసుకుని తాగుతుంటే కళ్లమ్మట నీళ్లు కారుతున్నాయి.

"మా అమ్మ ఇలాగే పెట్టేదయ్యా" అన్నాడు.

సుమంతుడికి వాడి మీద జాలేసింది. అయినా చెయ్యి చాపి, "పెట్టె ఇలా ఇయ్యి" అన్నాడు.

మాంత్రికుడు పెట్టె వైపు చూశాడు. అరలన్నీ ఖాళీ. అప్పుడు అర్థమైంది వాడికి. గబగబా లేచి లోపలినుంచి చందనపు పెట్టె మోసుకొచ్చాడు. "నీ చెల్లెలు. ఇదే పెట్టి ఇస్తాను, పట్టుకుపో" అన్నాడు.

మూతలోంచి పచ్చ పరికిణీ అంచు బయటికి కనిపిస్తోంది. రంగైనా వెలవలేదు. సుమంతుడి చెయ్యి దానంతట అదే ముందుకెళ్లింది. పిచ్చుక మాట గుర్తొచ్చి వెనక్కి లాక్కున్నాడు. ఆ అంచుని చూసి కూడా మొహం తిప్పుకోవడం వాడి బతుకులో అది రెండోసారి.

"అది నీది కాదు. నీ ఇంట్లో నీ సొంతమైంది ఏదైనా పెట్టివ్వు" అన్నాడు ఏడుస్తూనే.

మాంత్రికుడు గదిగదీ వెతికాడు. భోషాణాలు జరిపాడు, అటకలు ఎక్కాడు. అంతా పరాయి సొమ్ము. చిటికెడు ఉప్పు లేదు, గంజి కాచాక గింజ బియ్యం మిగల్లేదు. పొద్దు వాలింది.

చిలక ఏదీ, చిలక ఏదీ అని ఇందాకట్నుంచి గొణుగుతున్నారుగా, ఇదిగో వచ్చింది. మాంత్రికుడు మొలలోంచి లక్క భరిణ తీశాడు. అందులో బొటనవేలంత చిలక. రెక్కలూడిన ముసలి చిలక. అదే వాడి ప్రాణం. ఎవరూ తియ్యకూడదని చిన్నప్పుడే దాన్ని అందులో పెట్టి మూత బిగించాడు. ఆనాటి నుంచి తిండికి రుచి తెలియలేదు, నిద్రకి హాయి తెలియలేదు.

"ఇదొక్కటే నాది. ఖాళీ పెట్టె తిరిగిచ్చినవాడినని మాత్రం అనిపించుకోను" అన్నాడు.

చిలకని ఆవాల అరలో పెట్టి, రెండు చేతులతో పెట్టె అందించాడు. ఆ మరుక్షణం ఇంట్లో మూతలన్నీ టపటపా లేచిపోయాయి. పాట, గొంతు, నిద్ర ఎవరివి వాళ్లని వెతుక్కుంటూ కిటికీల్లోంచి వెళ్లిపోయాయి. జయంతుడు, వసంతుడు వెళ్లిననాటి పడుచువాళ్లుగానే పెట్టెల్లోంచి లేచారు. మాంత్రికుడు పొయ్యి పక్కన ఒరిగి కూర్చున్నాడు.

చందనపు పెట్టె మూత మాత్రం మెల్లిగా, బెత్తెడే లేచింది. లోపల్నించి రెండు కళ్లు చూశాయి. ఎదురుగా ఎవరో నెరిసిన గడ్డం ఆయన. మంజరి పెదవుల మీద వేలు పెట్టుకుంది.

"ష్! నేనిక్కడున్నానని మా అన్నయ్యకి చెప్పకండి తాతా" అంది.

సుమంతుడు కిందకి కూలబడ్డాడు. "మంజరీ, ఎక్కడున్నావే, మంజరీ!" అన్నాడు దీర్ఘం తీస్తూ. ఆ పిలుపు విని పిల్ల గడ్డం వైపు చూసింది, కళ్లలోకి చూసింది. గెలిచానని నవ్వబోయి, బావురుమని ఏడ్చింది.

మంత్రం పోయిందిగా, సముద్రాలు మళ్లీ మామూలుగా అయిపోయాయి. తిమింగలం నాలుగు రోజుల్లో ఇంటికి చేర్చింది. చిలక దారిలోనే కన్నుమూసింది. సుమంతుడు దాని మెడ నులమలేదు, మనసు రాలేదు.

ఇంటికొచ్చేసరికి రాజు పోయి చాలా ఏళ్లైంది. ఆఖరిదాకా గోడవైపే తిరిగి పడుకున్నాడట. రాణికి చూపు పోయింది. పోపుల పెట్టె చేతికిస్తే, అరలన్నీ తడిమి చూసింది. "ఖాళీగా తేలేదు కదా?" అంటూ చిలక మీద చెయ్యి ఆపింది. "అయ్యో, ఏ తల్లి కన్న ప్రాణమో" అని దాన్ని కరివేపాకు మొక్క మొదట్లో పెట్టించింది. ఆ తర్వాత మంజరి తల తడిమింది. ఆ ఎత్తే, ఆ జడే. పిల్లని ఒళ్లోకి లాక్కుని ఆవిడ ఏడ్చిన ఏడుపుకి ఊళ్లోవాళ్లంతా ఏడ్చారు. అప్పుడే సుమంతుడు పచ్చ అంచు సంగతి అందరి ముందూ చెప్పేశాడు. రాణి రెండో చేత్తో వాడి తల కూడా నిమిరింది.

అన్నలకంటే తమ్ముడే పెద్దవాడైపోయాడు కాబట్టి, సుమంతుణ్ణే సింహాసనం మీద కూర్చోబెట్టారు. అన్నలు పెళ్లిళ్లు చేసుకున్నారు. సుమంతుడు చేసుకోలేదు. అడిగితే, నా వాటా వయసు సముద్రంలో పోయిందనేవాడు. చాలాకాలం చల్లగా ఏలాడు. సాయంత్రమయ్యేసరికి కిరీటం పక్కన పెట్టి చెల్లెలితో దాగుడుమూతలు ఆడేవాడు. ఎప్పుడూ తనే దొంగ. అది ఎక్కడ దాక్కున్నా క్షణంలో పట్టేసుకునేవాడు. "ఒక్కసారి కూడా గెలవనివ్వవేం అన్నయ్యా!" అని అది మూతి ముడుచుకునేది.

మంజరి పెద్దదైంది, పెళ్లి కుదిరింది. పెళ్లికూతుర్ని గంపలో కూర్చోబెట్టి మేనమామలు ఎత్తుతుంటే రాజు సుమంతుడు లేచి పక్కకొచ్చాడు. మూత లేని గంపే. అయినా ఒక చేత్తో దాని అంచు పట్టుకుని పీటలదాకా పక్కనే నడిచాడు. పెళ్లికూతురు తలెత్తి చూసింది.

"ఇవాళైనా నన్ను గెలవనిస్తావా అన్నయ్యా?"

"ఇవ్వనమ్మా" అన్నాడు రాజు. పీటల మీద దించాకగానీ చెయ్యి వదల్లేదు.

అయిపోయింది కథ. లేవండి, పోయి ఆడుకోండి. దాక్కుంటే తలుపు చాటున దాక్కోండి. నా భోషాణం జోలికి వెళ్లారో, వీపు చిట్లిపోతుంది.