గోడ మీంచి చూసిన రేడియేటర్

అనగనగా ఒక కొండరాజ్యం. గుర్రాలు ముసలివైపోయి, జీపుల రోజులొచ్చిన కాలం.

ఆ రాజ్యంలో ఎర్రునాయుడనే జీపు డ్రైవరు ఉండేవాడు. అతనిలో ఒక సుగుణం ఉంది. పొద్దున్నే తన జీపును తానే నోరారా పొగిడేవాడు. ఇంకెవరూ పొగడరు గనుక ఆ భారం కూడా తనే మోయడం అతని పెద్దమనసు.

పక్కింట్లో నూకాలు ఉండేది. వరసకు మరదలు. ఆమెదీ జీపే, అతనిదానికంటే పాతది. అయినా కొండను ఒక్క ఊపున ఎక్కేసేది. ఎర్రునాయుడి జీపు సగం దారిలో ఆవిరి కక్కుతూ కూలబడేది. నూకాలు హారను వినబడితే చాలు, అతనికి నోట్లో ముద్ద దిగేది కాదు.

ఆ వేసవిలో రాజుగారు చాటింపు వేయించారు. రాజమాత కొండమీది విడిదికి వెళ్ళాలి. ఇద్దరి బండ్లూ మూడుసార్లు కొండెక్కాలి. మూడోసారి రాజమాత కూడా వస్తారు. వేడెక్కి ఆగకుండా చేరిన బండి రాజభవనం బండి అవుతుంది. ఆగిన బండి గుర్రపుశాల పెంట మోస్తుంది.

మొదటి పందేనికి ముందు సాయంత్రం ఎర్రునాయుడు గోలెం బోర్లించి, దానిమీదెక్కి గోడ మీంచి తొంగిచూశాడు. నూకాలు ఇంజనును చల్లబరిచే నీళ్ళుండే రేడియేటర్ అడుగున మర తిప్పింది. తుప్పునీళ్ళు ఎర్రగా కారిపోయాయి. ఆమె కూనిరాగం తీస్తోంది. ఆ రాగం భరించలేక అతను దిగిపోయాడు. తన బండిలో నీళ్ళూ వదిలేసి, బావినీళ్ళు పోసి, మూత బిగించాడు.

మర్నాడు జీపు మొదటి మలుపులోనే పొగలు కక్కింది. నూకాలు చెయ్యూపుకుంటూ తన జీపులో దాటిపోయింది.

రెండో సాయంత్రం మళ్ళీ గోలెం ఎక్కాడు. తుప్పు ఇంకా వదల్లేదని నూకాలు మంచినీళ్ళు పోసి, ఇంజను ఆడించి, చల్లారాక వదిలేస్తోంది. వచ్చే నీళ్ళు తేటపడేదాకా అలాగే చేస్తోంది. అంత శ్రద్ధ ఎదుటివాళ్ళలో చూడటం అతనికి కష్టమైంది. పరుగున వెళ్ళి తానూ కడిగాడు. ఈసారి జీపు సగం కొండ ఎక్కి ఆగింది.

మూడో సాయంత్రం నూకాలు ఇంజను వేడెక్కకుండా పోసే పచ్చటి కూలెంటును, బ్యాటరీలకు వాడే శుద్ధమైన నీళ్ళలో కలిపి, రేడియేటర్ నిండుగా పోసింది. తర్వాత ఇంజను ఆన్ చేసి, పీట తెచ్చుకుని బండి ముందు ఊరికే కూర్చుంది. ఆ నిబ్బరం చూసి అతనికి ఒళ్ళు మండింది. అప్పుడే గెలిచినట్టు కూర్చుందే అనుకుని గోలెం దిగాడు. తానూ కూలెంటు కొని, అలాగే కలిపి, అంచుదాకా పోసి మూత బిగించాడు.

తెల్లారాక రాజమాత వచ్చి, బాగా మెరుస్తోందని ఎర్రునాయుడి జీపే ఎక్కారు. వెనక నూకాలు జీపు సామానుతో బయల్దేరింది. ఎర్రునాయుడి జీపు మొదటి మలుపు దాటింది. సగం కొండ దాటింది. విడిది గుమ్మం కనబడుతుండగా ఇంజను వేడి చూపే ముల్లు పైకి లేచింది. ఆవిరి బుస్సుమంది.

ఎర్రునాయుడు తువ్వాలు చుట్టి మూత మీద చెయ్యేశాడు.

"బావా, ముట్టకు. మొహం ఉడికిపోద్ది," అంది నూకాలు, వెనకే దిగి.

అతను చెయ్యి తీశాడు. బండికేమైందని రాజమాత అడిగారు. నూకాలు దిష్టి తగిలిందని చెబుదామని నోరు తెరిచాడు. కానీ ముఖం కాలకుండా కాపాడిన మనిషి ఎదురుగానే ఉంది. ఆ మాట మానేసి ఆమెవైపు తిరిగాడు.

"నిన్న పీటేసుకుని ఏం చేశావే నూకాలూ?" అని అడిగాడు. అతను ఆమెను ఏదైనా అడగడం అదే మొదలు.

"గాలి పోయేదాకా కూర్చున్నాను బావా. మూత తీసి ఇంజను ఆడిస్తే లోపలి గాలి బుడగలై వస్తాది. నీళ్ళు దిగుతాయి. మళ్ళీ పొయ్యాలి. నిండినట్టు కనబడినంత మాత్రాన నిండినట్టేటి?" అంది. ఆగి, నవ్వింది. "ముందే అడిగితే నీకూ ఓ పీట వేసేదాన్ని. గోడ మీంచి చూసేవాడికి ఎలా వెయ్యను?"

రాజమాత కొంగు అడ్డం పెట్టుకుని నవ్వారు. ఇంజను చల్లారాక నూకాలు మూత తీసి, బండి ఆడించింది. బుడగలు గుడగుడమంటూ వచ్చాయి. నిండుగా ఉందనుకున్న కూలెంటు ఇంత లోతుకు దిగిపోయింది. ఆమె తన డబ్బాలోది తెచ్చి నింపింది.

రాజభవనం జెండా నూకాలు జీపుకు కట్టారు. గుర్రపుశాల పెంట ఎర్రునాయుడి జీపుకు ఎక్కించారు. ఆ పెంటబండి మళ్ళీ ఎన్నడూ వేడెక్కి ఆగలేదు.

ఓర్వలేని కంటికి ఎదుటివాళ్ళ పని సగమే కనబడుతుంది, మిగతా సగం అడిగినవాడికే దక్కుతుంది అని ఎర్రునాయుడు ఇప్పుడు పిల్లలకు చెబుతాడు. ఓర్చుకోవడం మాత్రం తనకింకా రాలేదని కూడా చెబుతాడు.