తెరచాటున విన్న రణగాథ

“తిప్పనా! ఎక్కడున్నావయ్యా తిప్పనా?”

రాజుగారి కేక సభామంటపం దాటి పూలతోట దాకా వెళ్ళింది. అక్కడ రాలిన పొన్నపూలు ఉత్తరీయంలోకి ఏరుకుంటున్న తిప్పన ఉలిక్కిపడి లేచాడు. అతను కలువకొండ ఆస్థాన లేఖకుడు.

ఆ కలువకొండను అప్పట్లో ప్రతాపమార్తాండ మహారాజు ఏలుతుండేవాడు. మనసు వెన్నపూస, మీసం మాత్రం కొడవలి. మూడేళ్ళ కిందట నల్లదిబ్బ కోట మీదికి దండెత్తి గెలిచి వచ్చాడు. ఆ కథను తాటాకుల మీద స్వయంగా రాసుకుని ‘శత్రుసంహార రణభైరవం’ అని పేరు పెట్టాడు. రాసినవాడే గానీ, తిరిగి చదువుకున్నవాడు కాదు.

అక్కడొక ఆచారం ఉంది. గ్రంథం పైచెక్క మీద పేరు చెక్కాలంటే, లేఖకుడు కథంతా చదివి, పేరు తగిందని సభలో ప్రమాణం చెయ్యాలి. తిప్పన వారం రోజులు చదివాడు. చదివి కళ్ళు తుడుచుకున్నాడు. ప్రమాణం చేద్దామంటే నాలుక తిరగలేదు.

అతను పరుగున సభకు రాగానే, ఇవాళ మధ్యాహ్నంలోగా ప్రమాణం చెయ్యకపోతే గంటం ఇక్కడ పెట్టి ఊరు విడిచి పొమ్మన్నాడు రాజు.

తిప్పన చేతులు కట్టుకున్నాడు. తాను ప్రభువుల ఉప్పు తిన్నవాణ్ణి గనుక తన మాట ఎవరూ నమ్మరనీ, ఆ పేరు ఎరగనివారికి నాలుగు ఆకులు వినిపించి ఇది దేని గురించో చెప్పిస్తే లోకం నోరు మూసుకుంటుందనీ విన్నవించుకున్నాడు. రాజుకు ఆ మాట నచ్చింది. కానీ మొన్ననే ఊరంతా ఆ గ్రంథం గురించి దండోరా వేయించాక ఆ పేరు ఎరగనిదెవరు? పుట్టింటి నుంచి అప్పుడే పల్లకి దిగిన మధురాంబ రాణి ఒక్కతే.

రాణి వచ్చి తెర వెనక కూర్చుంది. ఏ ఆకు చదవాలో రాజునే ఎంచుకోమన్నాడు తిప్పన. పోరు భీకరంగా సాగిన మూడోనాటి ఆకు తీసిచ్చాడు రాజు, మీసం దువ్వుకుంటూ.

తిప్పన చదివాడు. “బయట భేరీలు మోగుతున్నాయి. గుడారంలో పులిహోర వడ్డించారు. కరివేపాకు ఏరి పక్కన పెట్టే ఆ వేళ్ళు గుర్తొచ్చి ముద్ద దిగలేదు. సేనాపతి వచ్చి బురుజు కూలిందన్నాడు. సరేనన్నాను. ఇంటి దగ్గర జాజులు పూస్తుంటాయి. ఆ జడలో ఎవరు తురుముతారో.”

రాజు చెయ్యి మీసం మీదే ఆగిపోయింది. గబగబా ఇంకో ఆకు ఇచ్చాడు. అందులో రాణి గాజుల చప్పుడుంది. గజబలం గురించి రాశానని గుర్తొచ్చి ఆ ఆకు వెతికి తీశాడు. ఏనుగులను చూడగానే ఆమె నడక జ్ఞాపకమొచ్చిందని ఉంది అందులో. సభలో దగ్గులు మొదలయ్యాయి. సేనాపతి పైకప్పు చూడసాగాడు.

ఈ గ్రంథం దేని గురించో సెలవివ్వమన్నాడు తిప్పన.

“గ్రంథమేమిటి తిప్పనా, అది నాకు రాసిన ఉత్తరం,” అంది రాణి గొంతు తెర వెనక నుంచి. “మూడేళ్ళు ఆలస్యంగా అందింది.”

రాజు ముఖం కందిపోయింది. ఇదంతా నీ పన్నాగమా అన్నాడు తిప్పనతో.

“కోటలు కొట్టిన రాజులు బోలెడుమంది, ప్రభూ. భేరీలు మోగుతుంటే భార్యను తలుచుకుంటూ రాసుకున్న రాజు మీరొక్కరే. ఆ కీర్తి తీసుకెళ్ళి భైరవుడికి ఎలా ఇచ్చెయ్యను?”

ముందు రాజు బొజ్జ కదిలింది, ఆ వెనక మీసం, ఆపైన మంటపమంతా నవ్వుతో ఊగింది. రాజు తన మెడలోని ముత్యాలహారం తీసి తిప్పన మెడలో వేశాడు, బతికున్నన్నాళ్ళూ ఆ కొలువు అతనిదేనన్నాడు. పైచెక్క మీద ‘మధురాంబకు’ అని చెక్కమన్నాడు.

తరవాత సింహాసనం దిగి, అందరూ చూస్తుండగానే తెర పక్కకు తీశాడు.

“భయమేసింది మధురా,” అన్నాడు. “గుడారం దాటి ఒక్క అడుగు వెయ్యలేదు. పోతే నిన్ను మళ్ళీ చూడలేనేమోనని.”