దవడలు ఆగని గుట్ట

మేకంటే పిరికిదని మీకెవరు చెప్పారో గానీ, కొమ్ములగుండు సంగతి తెలిస్తే ఆ మాట మళ్లీ అనరు. నిటారుగా నిలబడ్డ రాతిగుట్ట అది. పైకి ఒకటే దారి, రెండు మేకలు పక్కపక్కన పట్టవు. పైన వాననీళ్లు నిలిచే దొన ఒకటి, నాలుగు రేగుపొదలు, కాస్త గడ్డి. ఆ ఏడు తోడేళ్లు అడివంతా ఊడ్చుకు తింటూ వస్తుంటే అరవై మేకలు పిల్లాజెల్లాతో ఆ గుట్టెక్కి కూర్చున్నాయి.

మొదటి వారం తోడేళ్లు ఎక్కాలనే చూశాయి. దారి మలుపులో పోతులు వంతులేసుకుని నిలబడి, వచ్చినదాన్ని వచ్చినట్టు కుమ్మి కిందికి పంపాయి. మూడింటి నడుములు విరిగాక తోడేళ్ల నాయకుడు గండయ్యకు ఎక్కడం మీద ఆశ పోయింది. అప్పుడు ఒక నక్క అతని దగ్గరికి చేరింది. ఎక్కనక్కర్లేదు దొరా, చుట్టూ కూర్చుంటే చాలు, గడ్డి అయిపోతే వాటంతట అవే దిగొస్తాయి, ఒక్క నెల ఓపిక పట్టమంది. సలహా చెప్పినందుకు తోడేళ్లు తినగా మిగిలిన ఎముకలన్నీ తనవేనని మాట కూడా తీసుకుంది. చెప్పేవాడికి వినేవాడు లోకువ కదా మరి.

నెల దాటింది. పైన పొదలు మోడులయ్యాయి, దాచిన ఎండుగడ్డి అడుగంటింది. మందకు పెద్ద బొల్లమ్మ, ఒక కొమ్ము విరిగిన ముసలిమేక. ఉన్న గడ్డి అందరూ తింటే రెండు రోజులకు సరి అని ఆమె చూసుకుంది. అందరినీ పిలిచి కొత్త కట్టుబాటు చెప్పింది. ఇకనుంచి రోజుకు పన్నెండు మేకలే తినాలి. తిన్నవి గుట్ట అంచున, కిందికి తలలు కనబడేలా కూర్చుని పొద్దస్తమానం నెమరు వేయాలి. తిననివి బండల వెనక పడుకుని ఓర్చుకోవాలి. మర్నాడు వంతు మారుతుంది.

ఇదేం ధర్మమని ఒక పోతు గట్టిగానే అడిగింది. బాలింతల నోరు కట్టి, అంచున కూర్చునేవాళ్లను మేపుతామా అంది.

"ఆకలికి చస్తామో బతుకుతామో నేను చెప్పలేను నాయనా," అంది బొల్లమ్మ. "ఆకలిగా ఉన్నామని కింద తెలిస్తే మాత్రం అందరం చస్తాం."

ఆ తర్వాత అన్నీ ఆ కట్టుబాటుకు లొంగాయి. అంతేకాదు, కొన్ని పోతులు తమ వంతు గడ్డి బాలింతలకు వదిలేశాయి. అయినా అందరికీ అందలేదు. చుక్కి అనే చిన్నమేకకు తొలిచూలు బిడ్డ. పాలు ఎండిపోయి, అరిచే బిడ్డ మూతి నాకుతూ పొద్దుపుచ్చేది. ఆ బిడ్డను చూసి ఏడవని మేక లేదు, వంతు దాటిన మేకా లేదు. అదీ ఆ మంద పరువు.

ఇక కింద సంగతి. తోడేలు మింగుతుందే గానీ నెమరేస్తుందా? నోరాడుతోందంటే తింటోందనే దానికి తెలుసు. పొద్దున లేచి తలెత్తితే పైన దవడలు ఆడుతున్నాయి, సాయంత్రం చూసినా ఆడుతున్నాయి. తోడేళ్ల కడుపుల్లో చూస్తే వాగులో ఏరుకున్న ఎండ్రకాయలు తప్ప ఏమీ లేవు. ఇంటి దగ్గర పిల్లలు తనను గుర్తుపడతారో లేదోనని ఒక తోడేలు, కాలి పుండు మానడం లేదని ఒకటి, గొణుగుళ్లు మొదలయ్యాయి. గండయ్య నక్కను పట్టుకుని, ఎన్నాళ్లని నిలదీశాడు.

నక్కకు అనుమానం వచ్చింది. ఇంత తిండి రాతిగుట్ట మీద ఎక్కడిదో చూసొస్తానని బయల్దేరింది. పోతూ పోతూ, మేకలు ప్రాణం పెట్టే తుమ్మకాయల గుత్తి ఒకటి నోట కరుచుకుంది. సంధి మాటలకొచ్చానంటే పోతులు మలుపు వరకే రానిచ్చాయి. అక్కడినుంచి దానికి బండల పైన తలలు మాత్రమే కనిపిస్తాయి. గుత్తిని పైబండ మీదికి విసిరి, అంచున ఉన్న బొల్లమ్మతో పెద్దమ్మా, మీకోసమే తెచ్చానని కళ్లు పెద్దవి చేసుకుని చూస్తూ నిలబడింది. ఒక్క మేక ఎగబడ్డా చాలు, గుట్టు రట్టయినట్టే.

పచ్చి తుమ్మకాయల వాసన బండల వెనక్కి పోయింది. నాలుగు రోజులుగా పస్తున్న చుక్కి లేచి, ఆ వాసన వెంట నడిచొచ్చింది. ఆమెను ఆపడానికి ఎవరికీ ధైర్యం చాలలేదు. చుక్కి తల బండమీదికొచ్చింది, గుత్తి మీద వాలింది, వాసన చూసింది. నక్క మూతి నాక్కుంది.

చుక్కి తలెత్తింది. ఖాళీ నోటిని తీరిగ్గా ఆడిస్తూ అంది:

"ముదిరిపోయాయి పెద్దమ్మా. మన మేత మరిగాక ఇవి నోటికి పోవు. కింద వాళ్లే ఆకలిగా ఉన్నట్టున్నారు, వాళ్లకే పెట్టమను."

అని ఆ గుత్తిని ముందరికాలితో లోయలోకి తోసేసింది.

నక్క దిగిపోయి, దొరా, పైన తుమ్మకాయలను కూడా కాలదన్నేంత మేత ఉంది, నా కళ్లతో చూశాను, ఇంకో ఏడాది కూర్చున్నా లాభం లేదంది. ఆ సాయంత్రమే తోడేళ్లు కుంటుకుంటూ పోయాయి.

తెల్లారి మంద దిగింది. నక్క పొదచాటునుంచి చూసింది. ఒక్కొక్కదాని డొక్కలు లెక్కపెట్టొచ్చు. చుక్కిని చెరోపక్క రెండు పోతులు ఆనించుకుని దింపుతున్నాయి. అయినా ఒక్క మేకా తోసుకోలేదు. బిడ్డలు ముందు, బాలింతలు తర్వాత, బొల్లమ్మ చివర.

నక్క పరుగో పరుగు. మూడో కొండ దగ్గర తోడేళ్లను అందుకుని, రొప్పుతూ, అవి ఆకలితో చస్తున్నాయి, వెనక్కి రండి, నా కళ్లతో చూశానంది.

"నిన్నా నీ కళ్లతోనే చూశానన్నావు," అన్నాడు గండయ్య. "పో, ఇక నీకు ఎముక కూడా లేదు."

తోడేళ్లు వెనక్కి తిరగలేదు.

మేకపోతు గాంభీర్యమని లోకం నవ్వితే నవ్వనీ, నలుగురూ కలిసి పస్తుండి నిలబెట్టుకున్న గాంభీర్యం కోటగోడ కన్నా గట్టిది.