రెండు రీడర్లు, ఒకే పుట

ఉదయం ఆరూ పదికి విమలుడు రెండు ఈ-బుక్ రీడర్లనూ తెరిచి, రాత్రి ఏ బ్యాటరీ ఎంత తగ్గిందో నోటుపుస్తకంలో రాసుకున్నాడు.

అనకాపల్లి అవతల, కొండ మీది చిన్న బౌద్ధ విహారంలో అతను భిక్షువై ఏడాదయింది. పూర్వాశ్రమంలో చెప్పుల జత కొనాలన్నా పది దుకాణాలు తిరిగిన మనిషి. ఇప్పుడు ఎంచాల్సింది పెద్ద భిక్షువు ఆనందమిత్ర కోసం. డెబ్బై తొమ్మిదేళ్ల ఆయనకు చూపు మందగించి, చదువుతున్న పుస్తకం సగంలో ఆగిపోయింది. ఎవరో యాత్రికుడు కాలినడకన కొండలు దాటిన కథ. "ఆ మనిషి ఇల్లు చేరాడో లేదో తెలిస్తే చాలు," అనేవాడాయన.

సంగతి విని మందుల షాపు పెంటారావు రెండు రీడర్లు తెచ్చిచ్చాడు.

"వాడి సూడండి బాబూ. పున్నమికొస్తాను. ఒకటి ఉంచీసి రెండోది ఇచ్చీండి. అమ్మిన షాపోడు తిరిగి తీసుకుంటానన్నాడు."

ఇరవై రోజులు గడిచాయి. ఒకదాని వెలుగు కంటికి హాయి. రెండోదాంట్లో అక్షరం బాగా పెద్దదవుతుంది గాని, వరుసలు ఒకదానికొకటి తగులుతాయి. విమలుడు రోజూ రెండింటిలోనూ ఆ కథ ఆగిన పుటే తెరిచి ఆనందమిత్ర ముందు పట్టుకునేవాడు.

"ఏది బాగుంది భంతే?"

"రెండూ బాగున్నాయి నాయనా."

రేపు పున్నమి అనగా విమలుడు రెండు రీడర్లూ పట్టుకుని గురువు బోధిసేన దగ్గరికి వెళ్లాడు. ఆయన చిరిగిన చీవరానికి మాసిక వేస్తున్నాడు.

"ఇంకా అవలేదా నీ పెళ్లిచూపులు?"

"పద్దెనిమిది విషయాలు చూశాను భంతే. దీనికి తొమ్మిది, దానికి తొమ్మిది. ఆయనేమో ఏదీ తేల్చరు."

"నిన్న నీ భిక్షాపాత్రలో ఏం పడింది?"

"ఉప్పులేని పప్పు."

"పెట్టినావిడ ఎలా ఉందని అడిగితే?"

"బాగుందన్నాను. ఇచ్చినదానికి వంక పెట్టకూడదు కదా..."

గురువు సూది గుచ్చి పక్కన పెట్టాడు. చూడకుండానే ఒక రీడరు తీసుకుని ఆనందమిత్ర గదిలోకి నడిచి, ఆయన మంచం పక్కన విమలుణ్ణి కూర్చోబెట్టి, దాన్ని చేతికిచ్చాడు.

"చదువు."

ఆ పుట విమలుడికి కంఠతా వచ్చు. గడగడా చదివేసి ఆగాడు.

ఆనందమిత్ర మోచేతుల మీద లేచాడు. "తర్వాత? వాగు దాటాడా?"

విమలుడికి తెలియదు. ఇరవై రోజుల్లో మొదటిసారి పుట తిప్పాడు.

గురువు మాసిక దగ్గరికి వెళ్లిపోయాడు.

మర్నాడు పెంటారావు వచ్చేసరికి కూడా విమలుడు చదువుతూనే ఉన్నాడు. పెంటారావు కాసేపు గుమ్మంలో నిలబడి విని, గూట్లో ఉన్న రెండోదాన్ని పట్టుకుపోయాడు.

తొమ్మిది రోజుల తర్వాత కొండ దిగువన కంటి వైద్య శిబిరం పెట్టారు. అక్కడి డాక్టరు చెబితే విమలుడికి తెలిసింది: ఆనందమిత్ర కంటికి అక్షరం ఆనక రెండు నెలలు దాటింది.