కానుక మీద సుంకం

రేవు పట్టణంలో బట్టల వ్యాపారం చేసే కనకలింగానికి పెద్ద చిక్కు వచ్చిపడింది. పెగూ దేశంలో స్థిరపడిన చిన్నాన్న ఓడలో నలభై టేకు దుంగలు పంపాడు. "నాకా పిల్లల్లేరు. నా తరవాత ఎటూ నీవే. నేనుండగానే ఇస్తున్నాను, ఇల్లు కట్టుకో" అని ఉత్తరం కూడా రాశాడు.

దుంగలు సుంకం కచేరీ దగ్గర ఆగిపోయాయి. ఆ రాజ్యంలో పద్ధతి అది. పరదేశంలో పోయినవారి సొత్తు వారసుడికి చేరితే సుంకం లేదు. బతికున్నవారు కానుకగా పంపితే మాత్రం నాలుగో వంతు రాజుకు చెల్లించాలి.

కనకలింగం రెండు రోజులు ఆలోచించి, ఏటి ఒడ్డున ఉండే తన గురువు నిర్మలానందుల దగ్గరికి వెళ్ళాడు.

"స్వామీ, మా చిన్నాన్న పోయారని మీరొక్క ముక్క రాసిస్తే చాలు. మీ మాటకు కచేరీలో ఎదురుండదు. మిగిలే కలపతో ఆశ్రమానికి వంటశాల వేయిస్తాను."

"ఆయన బతికే ఉన్నారు కదా?"

"ఉన్నారు. కానీ సముద్రం అవతల. ఇక్కడ పోయారంటే అక్కడ ఆయనకొచ్చే నష్టమేముంది?"

గురువు లోపలికి వెళ్ళి నల్లనువ్వులు, దర్భలు, చెంబుతో నీళ్ళు తెచ్చారు. శిష్యుణ్ణి దక్షిణ ముఖంగా కూర్చోబెట్టారు.

"ఇదేమిటి స్వామీ?"

"పోయారని రాసే ముందు నీళ్ళు వదలాలి కదా నాయనా. చెయ్యి పట్టు."

అరచేతిలో నువ్వులు పడ్డాయి. గురువు చెంబు వంచబోతూ, "గోత్రం, పేరు చెప్పు" అన్నారు.

కనకలింగం గోత్రం చెప్పాడు. పేరు చెప్పబోతే చిన్నాన్న కళ్ళ ముందు మెదిలాడు. తండ్రి పోయిన సంవత్సరం, ఎనిమిదేళ్ళ తనను భుజాన ఎక్కించుకుని ఊరంతా తిప్పిన మనిషి. అన్నం సయించక ఏడుస్తుంటే ముద్దలు కలిపి పెట్టిన మనిషి.

"తొందరేం లేదు" అన్నారు గురువు, చెంబు అలాగే పట్టుకుని.

కనకలింగం అరచెయ్యి బోర్లించాడు. నువ్వులు నేల మీద రాలిపోయాయి. లేచి, గురువు పాదాలకు దండం పెట్టి, తిన్నగా కచేరీకి నడిచాడు.

అక్కడి అధికారి పత్రం తీసి కలం సిరాలో ముంచాడు.

"అందరిలాగే వారసత్వమేగా? పోయినవారి పేరు?"

"పోయినవారెవరూ లేరండీ" అన్నాడు కనకలింగం. "పంపినవారి పేరు రాసుకోండి. సోమలింగం. మా చిన్నాన్న. పెగూలో కులాసాగా ఉన్నారు."