రెండువేల అయిదువందల ఇరవయ్యొకటోవాడు

అనగనగా, మీ తాతల తాతలు కూడా పుట్టని కాలంలో, మణిగిరి రాజుకు ముగ్గురు కొడుకులు. ఏడు సముద్రాల అవతల దీవిలో కపాలుడనే మాంత్రికుడు. వాడు మణిగిరి నుంచి రెండువేల అయిదువందల ఇరవైమందిని ఎత్తుకుపోయి, కొయ్యబొమ్మల్లా నిలబెట్టేశాడు.

వాళ్లను విడిపించాలని పెద్దకొడుకు వెళ్లాడు.

"నువ్వు పిలిస్తే వీళ్లకు కాళ్లాడతాయి," అన్నాడు కపాలుడు. "అందరినీ సమానమైన వరుసల్లో నిలబెట్టి, చివర నువ్వూ నిలబడు. ఒకే వరుస చెల్లదు, ఒంటిమనిషి వరుసలూ చెల్లవు. ఎవరూ మిగలకపోతే ఈ పంజరం తెరుచుకుంటుంది, ఇందులోని చిలకలో ఉన్న నా ప్రాణం పోతుంది. ఒకడు మిగిలితే వాడు నాకు ముద్ద. నిలబడనంటే రాయైపోతావు."

పెద్దవాడు ఇద్దరేసి చొప్పున నిలబెట్టాడు. ఒకడు మిగిలాడు. ఆ ఒకడు తనే. కపాలుడు తినేశాడు.

రెండోవాడు వెళ్లాడు. ముగ్గురేసి చొప్పున నిలబెట్టాడు. మళ్లీ ఒకడే మిగిలాడు. వాణ్ణీ తినేశాడు.

మూడోవాడు విజయకేతు. వాడు దీవిలో దిగి ఎవరినీ పిలవలేదు. పంజరం పక్కన కూర్చుని ఇసుకలో లెక్కలు వేశాడు. నలుగురేసి, ఒకడు మిగిలాడు. అయిదుగురేసి, ఒకడు. పదిమంది దాకా ఎలా చూసినా ఒకడే. యాభైమంది దాకా పోయాడు, ప్రతిసారీ ఎవరో ఒకరు మిగులుతూనే ఉన్నారు.

"ఇంక ఆపు నాయనా," అంది చిలక. "వరుసకు యాభైమంది దాటితే, వరుసలే యాభై కంటే తగ్గిపోతాయి. ఆ లెక్క నువ్వు చూసేసిందే. వీళ్లొచ్చిన నాటి నుంచీ నాకిదే పని. ఈ సంఖ్య దేనికీ తెగదు."

"నేను లేకపోతే?"

"రెండు నుంచి పది దాకా దేనితోనైనా తెగుతుంది," అంది చిలక.

"పంజరం తెరుచుకుంటే నువ్వూ పోతావుగా?"

"పోనీలే. ఈ పంజరంలో నూరేళ్లు చాలు."

విజయకేతుకు భయం వేసింది. ఇరవై ఏళ్లవాడు, వెయ్యదా మరి! ఏడ్చాడు కూడా. తర్వాత లేచి, "పదిమందేసి నిలబడండి!" అని కేకేసి, తాను పక్కకు తప్పుకున్నాడు.

పాదాలు రాయయ్యాయి. మోకాళ్లు రాయయ్యాయి. సిరిమల్లి అనే కుమ్మరిపిల్ల అది చూసి, "త్వరగా రండి, అబ్బాయి రాయైపోతున్నాడు!" అని అరుస్తూ ముసలివాళ్లను చెయ్యి పట్టి లాక్కొచ్చి నిలబెట్టింది. రెండువందల యాభైరెండు వరుసలు. ఒక్కరూ మిగల్లేదు.

పంజరం తెరుచుకుంది. చిలక రాలిపోయింది, కపాలుడు కూలిపోయాడు. విజయకేతు నడుందాకా పాకిన రాయి కరిగింది గానీ మోకాళ్ల కింద అలాగే ఉండిపోయింది.

సిరిమల్లితో పెళ్లయింది, పల్లకీలో తిరుగుతూనే అరవై ఏళ్లు చల్లగా ఏలాడు. అదంతా నిజమే. నాకు మాత్రం వాళ్లు తిరిగొచ్చిన రోజే గుర్తుంటుంది. ఓడలు దిగి ఎవరివాళ్లను వాళ్లు కావలించుకున్నారు. విజయకేతును మోసుకొచ్చి తల్లి ముందు దించారు. రాణి వాడి తల నిమురుతూ ఓడల వైపే చూస్తోంది.

"ఇంకా ఎవరైనా దిగాలా నాయనా?"

"లేదమ్మా. అందరూ దిగేశారు."