పొగ లేని పొయ్యి

అనగనగా ఎండలు మండే ఒక సీమలో మొగిలికోట అనే ఊరు. ఆ ఊళ్ళో పెద్దనశెట్టి అనే నూనె వర్తకుడు ఉండేవాడు. డబ్బుకు లోటు లేదు. బుద్ధికే కాస్త కరువు.

ఆయన మిద్దె ఇంటికి ముందు అరుగులు, వెనక వంటిల్లు. వంటింటికి కిటికీ లేదు, పొగగొట్టం లేదు. నెలకు రెండు బండ్ల కట్టెలు మింగే పాత పొయ్యి మాత్రం ఉంది. అది వేడిలో సగం గోడలకిచ్చి, పొగంతా శెట్టి భార్య చెన్నమ్మ కళ్ళకిచ్చేది.

ఒక వేసవిలో చెన్నమ్మ కళ్ళు తుడుచుకుంటూ భర్త దగ్గరకు వచ్చింది.

"ఏమండీ, గోడలు కట్టే బేల్దారి ఓబులేసు పక్కింటి సాలె ఈరమ్మకు పొయ్యి పక్కనే కోడిపొయ్యి వేసిచ్చాడు. ఒక్క మంటతో రెండు కుండలు ఉడుకుతున్నాయి. పైన పొగగొట్టం కూడా పెట్టాడు. మనమూ పెట్టించుకుందామండీ. నా కళ్ళు మండిపోతున్నాయి."

"వంటిల్లు ఎవరు చూడొచ్చారే? ఇంటికి అందం సింహద్వారం!" అన్నాడు శెట్టి.

ఆ ఏడు టేకు తలుపులకు నెమళ్ళు చెక్కించాడు. ఊరంతా వచ్చి చూసింది. వచ్చినవాళ్ళందరికీ చెన్నమ్మే ఆ పొగలో వండి పెట్టింది.

రెండో వేసవికి మిద్దె కాలిన పెనమైంది.

"మిద్దె మీద తెల్లగా సున్నం కొట్టి, వంటింటి కప్పుకు గాలీ వెలుగూ వచ్చే గవాక్షి ఒకటి తీస్తే ఇల్లు చల్లబడుతుందటండీ. నా కళ్ళకు ఏదో పొర కమ్మినట్టుంది" అంది చెన్నమ్మ.

"చోద్యం! మా అమ్మ ఆ పొయ్యి దగ్గరే ముసలిదైంది, తెలుసా?" అన్నాడు శెట్టి. ఆ ఏడు అరుగు స్తంభాలకు ఇత్తడి తొడుగులు వేయించాడు.

మూడో వేసవిలో ఓబులేసే స్వయంగా వచ్చాడు.

"శెట్టిగారూ, ఆరు రోజుల పని. కూలి మీకు వీలైనప్పుడే ఇవ్వండి. అమ్మగారు ఇందాక గడప తట్టుకుని పడబోయారు."

"పని కోసం ఎన్నయినా చెబుతావులే, పోవోయ్!" అని గదమాయించాడు శెట్టి. ఏం చేస్తాం? చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది.

అంతలో రాజుగారి కొలువులోని అధికారి ఒకడు ఇల్లు కొనడానికి ఆ వీధికి వచ్చాడు. శెట్టికి పెద్ద వీధిలో మేడ కట్టాలని ఆశ. పాత ఇల్లు అమ్మేద్దామని ఎదురెళ్ళి పిలుచుకొచ్చాడు. అధికారి నెమళ్ళను చూసి "భళా!" అన్నాడు. లోపలికి నాలుగడుగులు వేసి దగ్గుతూ బయటికొచ్చాడు.

"ఇది ఇల్లా, ఇటుకల బట్టీనా?"

పక్కనే అమ్మకానికున్న ఈరమ్మ ఇంట్లోకి వెళ్ళి చూస్తే, మిట్టమధ్యాహ్నం కూడా చల్లగా ఉంది. గోడల మీద మసి లేదు. కట్టెల ఖర్చు సగమే అని విన్నాడు. శెట్టి అడిగిన ధరకు మించి ఇచ్చి ఆ చిన్న ఇంటినే కొన్నాడు.

శెట్టికి తల కొట్టేసినట్టయింది. భార్య కన్నీళ్ళకు కరగని మనిషి, ఇంటికి ధర రాలేదనేసరికి పరుగున వెళ్ళి ఓబులేసును పిలుచుకొచ్చాడు! ఇదండీ మనిషి బుద్ధి!

ఆరు రోజుల్లో పని అయిపోయింది. ఇల్లు చల్లబడింది. ఇక నెలకు రెండు బండ్ల కట్టెలకు బదులు ఒక బండి చాలు. మర్నాడే అధికారి బంధువు వచ్చి, శెట్టి కలలో కూడా అనుకోని ధర చెప్పాడు. ఆ సంతోషంలో శెట్టి వంటింటికి పరుగెత్తాడు.

చెన్నమ్మ కొత్తగా పెట్టుకున్న వంటమనిషి మొదటిసారిగా ఆ పొయ్యి రాజేసి, దాని మీద అన్నమూ, కోడిపొయ్యి మీద పప్పూ పెట్టింది. మంట ఎర్రగా మండుతోంది. చెన్నమ్మ గోడ తడుముకుంటూ గుమ్మం దగ్గరకు వచ్చింది.

"ఇంత పొద్దెక్కినా పొయ్యి రాజేయలేదేమే? పొగ రావడం లేదే?" అని అడిగింది.

శెట్టి ఆమె ముఖం ముందు చెయ్యి ఆడించాడు. రెప్ప కదలలేదు.

"చెన్నా! ఎన్నాళ్ళయిందే?" అని బావురుమన్నాడు.

"చెబుతూనే ఉన్నాను కదండీ" అంది చెన్నమ్మ.

వైద్యుడు వచ్చి చూశాడు. రెండేళ్ళ కిందటే పొగ ఆపి ఉంటే చూపు నిలిచేదని చెప్పి వెళ్ళిపోయాడు.

శెట్టి మేడ మాట ఎత్తితే చెన్నమ్మ భయంగా ఆయన చెయ్యి పట్టుకుంది.

"ఈ గోడలైతే నా చేతికి తెలుసు. కొత్త ఇంట్లో నేనెలా నడవనండీ?"

శెట్టి ఇల్లు అమ్మలేదు. ఎంత ధర పలికినా ఇక ఆయన అమ్మలేడు.

కాబట్టి పిల్లలూ, ఇంటికి చేసే బాగు చూసిపోయేవారి కోసం కాదు, అందులో బతికేవారి కోసం చేయాలి. అదీ వేళ మించకముందే చేయాలి.